బొమ్మల పరీక్ష తర్వాతి మేమీ క్లార్క్

కాస్త తీరుబడిగా కూర్చోండి, ఇవాళ మీకు మేమీ క్లార్క్ గారి గురించి చెప్పాలి. సైకాలజీ చదివినవాళ్ళకి ఆ పేరు వినగానే బొమ్మలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆ బొమ్మల తర్వాత ఆవిడ గడిపిన ముప్పై మూడేళ్ళంటే ఎక్కువ ఇష్టం. ఎందుకో తెలియాలంటే మొదట్నించీ చెప్పుకురావాలి.

ఆవిడ పుట్టింది 1917లో, అమెరికా దక్షిణాదిన ఆర్కన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో. నల్లజాతి కుటుంబం. నాన్న డాక్టరు, అమ్మ ఆయన పనిలో చేదోడు. ఇంట్లో లోటు లేదు. కానీ నల్లవాళ్ళ బడి వేరు, తెల్లవాళ్ళ బడి వేరు. డాక్టరుగారి అమ్మాయికైనా ఆ గీత దాటే వీల్లేదు. హైస్కూలు ముగించి, 1934లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో లెక్కలు చదవడానికి చేరింది. అక్కడి లెక్కల మాస్టార్లు ఆడపిల్లల్ని పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఆ రోజుల్లోనే కెనెత్ క్లార్క్ పరిచయమయ్యాడు. పిల్లలతో పనిచేయాలన్న కోరిక ఉంది కదా, సైకాలజీకి వచ్చెయ్ అన్నాడు. వచ్చేసింది. 1937లో ఇంట్లో చెప్పకుండా ఆయన్నే పెళ్ళి చేసుకుంది కూడా!

1938లో డిగ్రీ అయింది. ఆ వేసవిలో చార్ల్స్ హ్యూస్టన్ అనే లాయరుగారి ఆఫీసులో చిన్న ఉద్యోగం చేసింది. రంగును బట్టి మనుషుల్ని విడదీసే చట్టాల మీద కేసులు తయారయ్యేది అక్కడే. ఇవి రాతిమీద గీతలేం కాదు, చెరపొచ్చు అన్న నమ్మకం ఆవిడకి ఆ ఆఫీసులోనే కుదిరింది. మరుసటేడు ఎం.ఏ. కోసం ఎంచుకున్న ప్రశ్న చూడండి: బడి ఈడు రాని నల్లజాతి పిల్లలకి తమ రంగు గురించిన ఎరుక ఎప్పుడు, ఎలా కలుగుతుంది? తర్వాత వచ్చిన బొమ్మల పరీక్షకి విత్తనం ఇదే. అది మొదట మేమీ పని, తను తర్వాత వచ్చి కలిశానని కెనెత్ కూడా ఒప్పుకున్నాడు.

ఆ పరీక్ష చాలా సులువైంది. నాలుగు బొమ్మలు. రెండు తెల్లవి, రెండు గోధుమరంగువి, మిగతా అంతా ఒకటే. మూడు నుంచి ఏడేళ్ళ వయసున్న 253 మంది నల్లజాతి పిల్లల్ని అడిగారు: నీకు ఆడుకోవడానికి ఏది కావాలి? ఏది మంచి బొమ్మ? ఏది బాగాలేదు? నూటికి 67 మంది ఆటకి తెల్లబొమ్మే కావాలన్నారు. 59 మంది బాగాలేనిది గోధుమరంగు బొమ్మే అన్నారు. ఆఖరి ప్రశ్న, నీలాగా ఉన్నది ఏది? అప్పటిదాకా హుషారుగా జవాబులు చెప్పిన పిల్లల్లో కొందరికి ఆ ప్రశ్న దగ్గర ఏడుపొచ్చింది. వీళ్ళలో తెల్లా నల్లా కలిసి చదివే మసాచుసెట్స్ బళ్ళ పిల్లలూ ఉన్నారు; వాళ్ళ జవాబులూ మెరుగ్గా లేవు. అంటే ఆ దెబ్బ బడిలోనే కాదు, వీధిలోనూ కొట్లోనూ కూడా తగులుతోందన్నమాట.

ఇది మనకి కొత్త సంగతా చెప్పండి? కడుపుతో ఉన్న పిల్లకి కుంకుమపువ్వు పాలు పట్టే ఇళ్ళు మనవి. "పిల్ల చామనచాయే గానీ కళ గల మొహం" అంటాం. ఆ "గానీ" పక్కనే ఆడుకుంటున్న పాప చెవిన పడుతూనే ఉంటుంది. అప్పట్లో అమెరికాలో ఉన్నంత క్రూరమైన చట్టం మన వెనక లేకపోవచ్చు. పాప మనసు మాత్రం చట్టం చూసుకుని నొచ్చుకోదు.

మళ్ళీ కథలోకి వద్దాం. కొలంబియా యూనివర్సిటీలో పిహెచ్‌డీకి ఆవిడ ఏరికోరి హెన్రీ గారెట్ దగ్గర చేరింది. నల్లజాతి వాళ్ళకి తెలివి తక్కువని నమ్మే ప్రొఫెసరాయన! 1943లో డాక్టరేటు చేతికొచ్చింది. తర్వాత వర్జీనియా బళ్ళ కేసులో గారెట్ వేరు బళ్ళ తరఫున సాక్ష్యం చెబితే, దాన్ని ఖండించడానికి సాక్షిగా నిలబడింది ఈ శిష్యురాలే. ఆ కేసూ అలాంటివి మరికొన్నీ పైకి వెళ్ళాక, 1954 మే 17న సుప్రీంకోర్టు వేరు బళ్ళు చెల్లవని తీర్పిచ్చింది. పరిశోధనల్ని ఆధారంగా చూపిన ఆ తీర్పు పదకొండో పాదసూచికలో కెనెత్ క్లార్క్ పేరుంది. మేమీ పేరు లేదు. నాకు ఇది తలచుకున్నప్పుడల్లా బాధే.

తీర్పు వచ్చేనాటికే ఆవిడ వేరే పనిలో తలమునకలై ఉంది. డాక్టరేటు ఉన్నా నల్లజాతి స్త్రీకి న్యూయార్క్‌లో తగిన ఉద్యోగం దొరకలేదు. ఇల్లూవాకిలీ లేని నల్లజాతి ఆడపిల్లల ఆశ్రమంలో పరీక్షలు చేస్తున్నప్పుడు, ఈ పిల్లల మనసు చూసే దిక్కు ఊళ్ళోనే లేదని అర్థమైంది. ఉన్న సంస్థల్ని అడిగితే ముందుకు రాలేదు. సరే మనమే పెడదాం అనుకున్నారు భార్యాభర్తలు. మేమీ నాన్నగారి దగ్గర 946 డాలర్లు అప్పు తీసుకుని, 1946లో న్యూయార్క్‌లోని హార్లెం పేటలో ఒక అపార్ట్‌మెంటు కింది గదుల్లో నార్త్‌సైడ్ కేంద్రం తెరిచారు.

మొదట వచ్చిన కేసుల్లో ఒక రకం వింటే ఒళ్ళు మండుతుంది. మీవాడు మందమతి అని చెప్పి బడివాళ్ళు పిల్లల్ని ప్రత్యేక తరగతుల్లో పడేసేవారు. తల్లులు నార్త్‌సైడ్‌కి పట్టుకొచ్చారు. పరీక్ష చేసి చూస్తే వాళ్ళలో చాలామంది తెలివి మామూలుగానే ఉంది! ఆ కాగితాలు పట్టుకుని కేంద్రం బడివాళ్ళతో వాదించింది. చదవడం రాని పిల్లకి కూర్చోబెట్టి చదువు చెప్పింది. ఇంటి ఇబ్బందులున్న తల్లిదండ్రులకి వాటిలోనూ సాయం చేసింది. మనసుకి వైద్యం చేస్తూ ఇంటి సంగతి వదిలేస్తే లాభం లేదని మేమీ గట్టి నమ్మకం. 1979లో విరమించేదాకా ఆవిడే నడిపింది. 1983లో కన్నుమూసింది.

పిల్లలకి ఎక్కడ గాయమైందో లోకానికి రుజువు చేసి చూపడం గొప్ప పనే. చాలామంది అక్కడితో పేరు తెచ్చుకుని ముందుకెళ్ళిపోతారు. ఆవిడ ఆ పిల్లలు ఉండే పేటకే వెళ్ళి, ఒక్కొక్కళ్ళ ఎదురుగా కూర్చుంది. అందుకే ఆవిడంటే నాకంత గౌరవం. మీ ఇంట్లో సైకాలజీ చదువుతున్న అమ్మాయో అబ్బాయో ఉంటే బొమ్మల పరీక్షతో ఆపేయకండి, నార్త్‌సైడ్ సంగతి కూడా చెప్పండి. పరీక్షకి ఎలాగూ మార్కులొస్తాయి. ఏ పనికి జీవితం ఇవ్వొచ్చో వాళ్ళకి ఆ రెండో కథలో తెలుస్తుంది.