నల్లమలకూ ఎర్రమలకూ నడుమ

నంద్యాల దాటి ఆళ్లగడ్డ వైపు వెళ్తుంటే ఎడమచేతి పక్క నల్లమల కొండలు మన వెంటే వస్తుంటాయి. కుడిపక్క, దూరంగా ఎర్రమల. ఈ రెండింటి నడుమ కుందూ నది పారే లోయే నంద్యాల సీమ. సినిమాకి లొకేషన్లు వెతికే పని మీద ఇక్కడ నాలుగు రోజులు తిరిగాను. బయల్దేరేముందు నాకు అందిన ఆదేశం ఒకటే: ఎర్రమట్టి ఉండాలి, బీడుపడ్డ చేలుండాలి, చూడగానే రాయలసీమ అని తెలియాలి. తీరా వెళ్తే కనిపించింది నల్లరేగడి. కె.సి. కెనాల్ నీళ్లు, కనుచూపు మేర వరి, మహానంది చుట్టూ అరటితోటలు.

1999లో 'సమరసింహారెడ్డి' ఆడినప్పటి నుంచీ మన తెరమీద సీమకు ఒకటే రంగు. సుమోలు, దుమ్ము, వేటకొడవళ్లు. తుంగభద్ర నీళ్లు సుంకేసుల నుంచి కాలువలో నడిచొచ్చే ఈ లోయకు ఆ రంగు పూయడం అన్యాయమని ఆ నాలుగు రోజుల్లో నాకు బాగా అర్థమైంది.

నంద్యాల పేరులోనే నంది ఉంది. చుట్టుపక్కల నవనందుల గుళ్లున్నాయి. 1991 ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావును ఐదు లక్షలకు పైబడిన ఆధిక్యంతో లోక్‌సభకు పంపింది ఈ నియోజకవర్గమే. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది.

కెమెరా పట్టుకుని వచ్చేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇక్కడి వెలుతురు సంగతి. నల్లమల తూర్పున అడ్డంగా ఉంటుంది కాబట్టి కొండకింది ఊళ్లకు పొద్దు ఆలస్యంగా వస్తుంది. మహానందిలో తెల్లవారుజామున షాట్ పెట్టుకుంటే చాలాసేపు నీడలోనే కూర్చోవాలి. సాయంత్రం మాత్రం పడమటి ఎండ అడ్డులేకుండా వచ్చి కొండ మొహం మీదా, చాళుక్యుల నాటి గుడి శిఖరం మీదా పడుతుంది. ఊట నీళ్లు నిత్యం పారే కోనేరు అడుగున పడిన రూపాయి బిళ్ల పైకి కనిపిస్తుంది. అవే నీళ్లు గుడి దాటి తోటలకు పారతాయి.

నా మనసు నిలిచిపోయింది మాత్రం ఆళ్లగడ్డలో. లొకేషన్ల జాబితాలో ఆ ఊరి శిల్పుల షెడ్లు లేవు. టీ కోసం ఆగితే ఉలి చప్పుడు వినిపించింది. రేకుల షెడ్డు కింద ఒక నరసింహస్వామి విగ్రహం వెల్లకిలా పడుకుని ఉంది. భుజాలు, చేతులు, మెడలో హారాలు అన్నీ పూర్తయ్యాయి. మొహం ఉండాల్సిన చోట ఇంకా రాతిముద్దే. పక్కనే చేయెత్తి నిలబడ్డ ఒక నాయకుడి విగ్రహం. ఆ వెనక సగం చెక్కిన ధ్వజస్తంభం. మధ్యలో ఒక పెద్దాయన గొంతుక్కూర్చుని, రాయి మీద కావిరంగుతో గీత గీసి, ఆ గీత వెంటే ఉలి నడిపిస్తున్నాడు. సుత్తి పెద్దగా లేవదు. జానెడు లేస్తుంది, అంతే. మూడు దెబ్బలు, ఒక ఊపు గాలి నోటితో ఊదడం, మళ్లీ మూడు దెబ్బలు. అరచేయి మొత్తం తెల్లటి రాతిపొడి, గోళ్ల చుట్టూ మాత్రం నలుపు.

"ఊరికే చూస్తాండావు, దీన్ని కొట్టి చూడు సామీ," అని సుత్తి నా చేతికిచ్చాడు. కొట్టాను. కంచుగంటలా మోగింది. ఇంకో రాయి చూపించాడు. అది మూగగా ఉంది. శిల్పశాస్త్రం రాయిని వినే ఎంచుకుంటుంది. బాగా మోగేది పురుషశిల, మెత్తగా పలికేది స్త్రీశిల, పలకనిది నపుంసక శిల. దేవుడికి ఒకటి, దేవతకు ఒకటి, మెట్లకూ పునాదులకూ మూడోది. మొహం ఎందుకు చెక్కలేదని అడిగితే, "మొహం కడాకు. కండ్లు గుళ్లోనే తెరుస్తాం," అన్నాడు. ఇక్కడి పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఇప్పుడు కటింగ్ మెషీన్లు వచ్చాయి. అవి మొదలైతే ఆ చప్పుడులో ఉలి వినిపించదు. అందుకే సౌండ్ రికార్డిస్టు పొద్దున్నే రావాలి. యూనిట్ కోసం పని ఆపించాల్సివస్తే వాళ్ల రోజుకూలి లెక్కగట్టి ఇచ్చి తీరాలి. సెట్ వేసి ఈ షెడ్ల వరుసను దింపడం ఏ ఆర్ట్ డైరెక్టర్ వల్లా కాదు.

ఇక్కడి నుంచి అహోబిలం గంటలోపు ప్రయాణం. ఎగువ అహోబిలంలో భవనాశిని పక్కనే నడుస్తూ జ్వాలా నరసింహుడి గుడికెళ్లే దారి, పైన చీలిన ఉగ్రస్తంభం ఎంత విశాలమైన ఫ్రేములోనూ ఒదగవు. అయితే అది నల్లమల అడవి. అటవీశాఖ అనుమతి లేకుండా ట్రైపాడ్ కూడా దించకూడదు. సంక్రాంతి పండక్కి వస్తే పారువేట చూడొచ్చు. స్వామి నెలకు పైగా ఊరూరా తిరుగుతాడు.

ఎర్రమల వైపు బనగానపల్లె నవాబుల పాత బంగళా ఉంది. 2009లో వచ్చిన 'అరుంధతి' దాని అసలు పేరునే మరిపించింది. దారి అడిగితే అందరూ అరుంధతి బంగళా అనే చెబుతారు. దగ్గర్లోనే యాగంటి.

కర్నూలు దారిలో ఓర్వకల్లు రాళ్లున్నాయి. 2013లో 'బాహుబలి' షూటింగ్ అక్కడే మొదలైంది.

బెలుం గుహల పొడవు మూడు కిలోమీటర్లకు పైనే. లోపల ఉక్కపోత ఎక్కువ, లెన్సుకు ఆవిరి పడుతుంది. కెమెరాను ముందే బయటకు తీసి, కాసేపు ఆ గాలికి అలవాటు చేశాక మూత తీయాలి.