దెబ్బ తగిలిన కాయ

మామిడికాయ చెట్టు మీంచి కింద పడితే ఆ రోజు దానికేమీ అయినట్టు కనిపించదు. తుడిచి గంపలో వేస్తే మంచి కాయల్లో కలిసిపోతుంది. గడ్డిలో మాగేసిన నాలుగైదు రోజులకి తొక్క మీద నల్లమచ్చ లేస్తుంది. నొక్కితే వేలు లోపలికి దిగుతుంది. అందుకే మా నూజివీడు తోటల్లో కర్ర చివర చిక్కం కట్టి కాయని అందుకుంటారు. రాలిన కాయలది వేరే కుప్ప, వాటి రేటు కూడా వేరే.

ఈ సంగతి మాకు ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు. దాన్ని మనుషుల మీదికి తెచ్చి చూడటం మాత్రం బాక్సింగు వల్ల నేర్చుకున్నాం. నవ్వకండి, చెబుతాం.

మేం తోటలున్నవాళ్ళం కాదు. పూత మీద తోటలు గుత్తకి పట్టే వ్యాపారుల దగ్గర కాపలాకీ, కోతకీ, గంపలు కట్టడానికీ పోయేవాళ్ళం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రిళ్ళు తోటలోనే. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయ - చీకట్లో వాసన పట్టి ఏ చెట్టు కింద ఉన్నామో చెప్పేవాళ్ళం. పాక ముందు ఒక లాంతరు, ఒక ట్రాన్సిస్టరు, అయిదుగురు కుర్రాళ్ళు. నిద్ర రాకుండా ఉండాలంటే వాదన కావాలి. సినిమా హీరోల వాదన గంటలో కొట్లాటకి దిగేది. బాక్సింగు వాదన మాత్రం తెల్లారేదాకా సాగేది. ప్రపంచంలోని హెవీవెయిట్ బాక్సర్లందరిలో ఎవడి గుద్దు గట్టిది?

మాలో ఎవరూ గ్లౌజు తొడిగినవాళ్ళం కాదు. బెజవాడలో పాత పుస్తకాల వాడి దగ్గర కొన్న స్పోర్ట్స్ స్టార్ పత్రికలు, అద్దెకి తెచ్చిన అరిగిపోయిన వీడియో క్యాసెట్లు, బి.బి.సి. ఉర్దూ వార్తల్లో విన్న రెండు ముక్కలు. అదే మా చదువు.

1990 వేసవి బాగా గుర్తు. మాలో అందరికన్నా చిన్నవాడు టైసన్ పక్షం. 1986 నవంబరులో ఇరవై ఏళ్ళకే బెర్బిక్‌ని పడగొట్టి ఛాంపియన్ అయ్యాడు టైసన్. 1988 జూన్‌లో స్పింక్స్‌ని 91 సెకండ్లలో ముగించాడు. "లాంతరు వత్తి పెంచేలోగా అయిపోయింది భాయ్" అనేవాడు చిన్నోడు. ఆ ఫిబ్రవరిలోనే టోక్యోలో డగ్లస్ కొట్టిన దెబ్బకి టైసన్ కిందపడి, నోట్లోంచి జారిన గార్డు కోసం రింగులో తడుముకున్నాడు. అయినా సరే, పడినంత మాత్రాన గుద్దు తేలికైపోదని వాడి వాదన.

ఇంకొకడు ఫోర్‌మన్ మనిషి. 1973 జనవరి 22న జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ జో ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. "ఫ్రేజియర్ అంటే ఎవడనుకున్నార్రా, అలీనే పడగొట్టినోడు!" అని గంప మీద చేత్తో కొట్టేవాడు. ఫ్రేజియర్ పక్షంవాడు ఊరుకునేవాడా? 1971 మార్చి 8, న్యూయార్క్, పదిహేనో రౌండు, ఎడమచేతి హుక్కు, అలీ వెల్లకిలా పడటం - ఇవన్నీ ఏకరువు పెట్టేవాడు. మరొకడు ఎర్నీ షేవర్స్ పేరెత్తేవాడు. ఎన్నడూ ఛాంపియన్ కాలేదు షేవర్స్. కానీ 68 మందిని నాకౌట్ చేశాడు. 1977 సెప్టెంబరులో అలీని పదిహేను రౌండ్లు కుమ్మాడు. ఆ గుద్దు ఎలాంటిదో తర్వాత అలీయే ఒప్పుకున్నాడు.

పక్కన బీడీ కాల్చుకుంటూ వినే కోత మేస్త్రి ఒక రాత్రి తీర్పు చెప్పాడు. "గుద్దు చేతిలోంచి రాదురా. మడమలోంచి లేచి, తుంటి తిరిగి, భుజం దాటి పిడికిట్లోకొస్తుంది. బస్తా ఎత్తేవోణ్ణి అడగండి. ఇంకోటి, కనపడే దెబ్బకి మెడ బిగపడతాం. కనపడని దెబ్బే మనిషిని పడేస్తది." ఆయన ఎన్నడూ బాక్సింగు చూడలేదు. బాక్సర్లు మాత్రం సరిగ్గా ఇదే చెబుతారు. 1965 మేలో అలీ కొట్టిన దెబ్బకి సోనీ లిస్టన్ మొదటి రౌండులోనే పడిపోతే, చూడ్డానికొచ్చిన వాళ్ళలో చాలామందికి ఆ గుద్దే కనపడలేదు. లిస్టన్ నాటకమాడాడని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు.

ఒకటి గమనించారా? మా అయిదుగురిలో అలీ గుద్దే గట్టిదని ఎవరూ అనలేదు. అలీ అంటే మాకు ప్రాణం, అబద్ధమెందుకు. కానీ లెక్క లెక్కే. అలీ మొత్తం 61 పోటీల్లో 56 గెలిచాడు, వాటిలో నాకౌట్లు 37. ఫోర్‌మన్ 1974 అక్టోబరులో అలీతో కిన్షాసా రింగులోకి దిగేనాటికే 40 పోటీలాడి 40 గెలిచాడు, అందులో 37 నాకౌట్లు. ఆ రాత్రి ఎనిమిదో రౌండులో గెలిచింది అలీ. గట్టి గుద్దు మాత్రం ఫోర్‌మన్‌దే. అలీని ప్రేమిస్తూనే ఈ మాట అనగలిగేవాళ్ళం.

ఒక రాత్రి పక్క తోట కాపలా కుర్రాడు అగ్గిపెట్టె కోసం వచ్చి కూర్చున్నాడు. మాతో చదువుకున్నవాడు, మా ఇంట్లో సేమియా తిన్నవాడు. కాసేపు విని, మా గంపలోంచి రసం కాయ తీసుకుని పిండుకుంటూ నవ్వాడు. "ఎందుకురా ఇంత వాదన? చివరికి మీ అలీయే అంటారులే. మీవాడు కదా!"

అందులో ద్వేషం లేదు. ఉంటే జవాబు చెప్పేవాళ్ళం. గంట నుంచి ఫోర్‌మన్ కోసం, ఫ్రేజియర్ కోసం గొంతు చించుకుంటున్నాం. వాళ్ళిద్దరూ క్రైస్తవులు. ఫోర్‌మన్ పాస్టరు కూడా అయ్యాడు. ఆ కుర్రాడికి ఆ గంట వినపడలేదు, మా పేర్లు వినపడ్డాయి. మేం ఎవర్ని ఇష్టపడాలో మాకంటే ముందే తేల్చేశాడు. మేస్త్రి చెప్పిన కనపడని దెబ్బ అదేనని అప్పుడు తెలీలేదు. లాంతరు చుట్టూ నవ్వు మాత్రం ఆగిపోయింది. ఆ కుర్రాడే మళ్ళీ అడిగాడు, నిజంగా తెలుసుకుందామనే. "1980లో అలీ ఢిల్లీలో మన కౌర్ సింగ్‌తో ఆడాడంట కదా. అప్పుడు మీరు ఎవరి వైపు?"

కౌర్ సింగ్ సైన్యంలో పనిచేసిన హెవీవెయిట్. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చినవాడు. మాలో పెద్దవాడు మెల్లిగా అన్నాడు: "అది ప్రదర్శన పోటీరా. దాంట్లో ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు." అందరం నవ్వేశాం. కానీ బాక్సింగు మాకు ఎందుకంత ఇష్టమో ఆ రాత్రే అర్థమైంది. హెవీవెయిట్ టైటిల్ పోటీల్లో ఇండియా లేదు, పాకిస్తాన్ లేదు. మా చప్పట్లు ఎవరూ లెక్కపెట్టరు. క్రికెట్లో అలా కాదు. 1996 మార్చి 9న బెంగుళూరులో పాకిస్తాన్ మీద ఇండియా 39 పరుగులతో గెలిచిన రాత్రి మేం టీ కొట్టు ముందు గెంతులేశాం. గెంతుతూనే, మా గెంతు ఎంత ఎత్తుందో పక్కవాళ్ళు చూస్తున్నారని మాకు తెలుసు. కొంచెం ఎక్కువే గెంతాం. అప్పుడు కెప్టెన్ అజహరుద్దీన్. ఫోరు కొడితే "మన అజర్". అవుటైతే అదే టీ కొట్టులో "మీ అజర్". ఒక్క ఓవర్లో "మన" పోయి "మీ" రావడం చూశాం.

1992 డిసెంబరు తర్వాత ఆ "మీ" ఇంకా బరువెక్కింది. టైసన్ 1995లో జైలు నుంచి బయటికొచ్చేసరికి ఇస్లాం తీసుకున్నాడని పేపర్లలో పడింది. మర్నాడే బజార్లో ఒకాయన మా భుజం తట్టాడు. "ఇప్పుడు టైసన్ కూడా మీవాడేగా!" అత్యాచారం కేసులో శిక్షపడినవాణ్ణి తెచ్చి మా ఖాతాలో రాశారు. 1997లో హోలీఫీల్డ్ చెవి కొరికితే దానికీ సంజాయిషీ మేమే చెప్పుకోవాల్సొచ్చింది. మా చిన్నోడు టైసన్ ఫొటోని పాక దడి మీంచి పీకేసింది 1992లో, శిక్ష పడిన వారంలో. అతను ఏ మతంలో ఉన్నాడో, ఏ మతంలోకి పోయాడో వాడికి పట్టలేదు. ఈ సంగతి ఎవరికి చెబుతాం? ఎవరడిగారు గనక?

పేరు గోల ఒకటుంది. మా అయిదుగురికి అయిదు పేర్లున్నా ఊళ్ళో అందరం "సాయిబు"లమే. మాలో ఒకడి పేరు బడి రిజిస్టరులో ఒక రకం, రేషను కార్డులో ఇంకో రకం. అలీది 1964లో మార్చుకున్న పేరు. చాలా పత్రికలు ఏళ్ళ తరబడి క్లే అనే రాశాయి. ఎర్నీ టెరెల్ కూడా అలాగే పిలిచాడు. 1967 ఫిబ్రవరి 6న హ్యూస్టన్‌లో అలీ టెరెల్‌ని కొడుతూ నా పేరేంటి, నా పేరేంటి అని అడిగాడు. ఆ క్యాసెట్టు తిప్పి తిప్పి చూశాం. గుద్దుల్లో అంత గట్టి గుద్దు ఇంకోటి లేదనుకునేవాళ్ళం.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాలి. తన పేరు కోసం అంత కొట్లాడిన అలీ ఫ్రేజియర్‌ని గొరిల్లా అన్నాడు, తెల్లవాళ్ళ బంటు అన్నాడు. ఫ్రేజియర్ దక్షిణ కరోలినాలో పొలం పనులు చేసుకునే నల్లవాళ్ళ ఇంట్లో పుట్టాడు. యుద్ధానికి పోననందుకు అలీ లైసెన్సు పోయిన రోజుల్లో అలీ తరఫున మాట్లాడినవాడు. అలీ వెక్కిరింతలకి మేం పడీ పడీ నవ్వాం. మాలాగే కూలికి పోయే కుటుంబంలోంచి వచ్చినవాణ్ణి వదిలేసి, మా పేరున్నవాడి మాటకి నవ్వాం. ఆ ఒక్కచోట పక్క తోట కుర్రాడు అన్నది నిజమే. "మీవాడు" అనిపించుకోవడంలో మాకూ ఒక తీపి ఉంది.

మా చిచ్చా ఒకాయన మద్రాసు కొత్వాల్ చావడిలో పళ్ళ మండీలో పనిచేసేవాడు. 1980లో అలీ మద్రాసొచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన ఆడినప్పుడు దూరం నుంచి చూశాడు. మేం ప్రతి ఏడూ అడిగేవాళ్ళం, గుద్దు ఎలా ఉందని. "కొట్టిన దెబ్బలు గుర్తులేవు బేటా. తప్పుకున్న దెబ్బలే గుర్తున్నయ్" అనేవాడు.

1996 జులై 20 పొద్దున అట్లాంటా ఒలింపిక్స్ ప్రారంభం టీవీలో చూశాం, చిచ్చా కూడా ఉన్నాడు. జ్యోతి వెలిగించడానికి అలీ వచ్చాడు. ఎడమ చెయ్యి వణికిపోతోంది. చిన్నోడు కళ్ళు తుడుచుకున్నాడు. మాలో ఒకడు గర్వంగా అన్నాడు: "ఫోర్‌మన్ దెబ్బ తట్టుకున్నాడు, ఫ్రేజియర్ దెబ్బ తట్టుకున్నాడు, షేవర్స్ దెబ్బ తట్టుకున్నాడు. గట్టిగా కొట్టేవాడు కాదురా గొప్ప, తట్టుకునేవాడే గొప్ప."

చిచ్చా టీవీ మీంచి చూపు తిప్పలేదు. "తట్టుకోవడం గొప్పని చెప్పమాకండ్రా. కాయ కిందపడ్డ రోజు బాగానే ఉంటది. మాగేటప్పుడు తెలుస్తది. మనల్ని కూడా అందరూ అదే మెచ్చుకుంటారు, సాయిబులు ఓర్పుగా ఉంటారని. ఓర్చుకున్నోడి చెయ్యి చూడండి."

అలీకి పార్కిన్సన్ వ్యాధి ఉందని 1984లో బయటపడింది. అది గుద్దుల వల్లే వచ్చిందా అన్నదాని మీద డాక్టర్ల మధ్య వాదన ఉంది. చిచ్చా డాక్టరు కాదు, కాయలు ఏరేవాడు. ఆయన మాట మాత్రం మా వాదనని మార్చేసింది. అప్పటిదాకా ఎవడి గుద్దు గట్టిదని అడిగేవాళ్ళం. తర్వాత, పడినవాడికి ఎన్నాళ్ళకి మచ్చ లేచిందని కూడా అడగడం మొదలుపెట్టాం. "మీవాడు కదా" అని నవ్వుతూ అన్న మాటల్ని అన్నాళ్ళూ తుడిచి మంచి కాయల్లో వేసుకున్నాం. ఆ తర్వాత ఎవరైనా అంటే అక్కడే ఆగి, "నేను ఫోర్‌మన్ మనిషిని, నువ్వెవరి మనిషివి?" అని అడగడం నేర్చుకున్నాం. జవాబు చెబితే వాదనలోకి రానిస్తాం. లాంతరు దగ్గర చోటుంది.

అలీ 2016 జూన్‌లో పోయాడు. 1994లో 45 ఏళ్ళ వయసులో మూరర్‌ని పడగొట్టి మళ్ళీ టైటిల్ తెచ్చుకున్న ఫోర్‌మన్ 2025 మార్చిలో పోయాడు. ఆ రాత్రి మాలో ఫోర్‌మన్ మనిషి ఫోన్ చేసి ఏడ్చాడు. మా పిల్లలు ఫోన్లలో వైల్డర్ కుడిచేతి గుద్దులు చూస్తూ వాదించుకుంటున్నారు. 2018లో పన్నెండో రౌండులో ఆ దెబ్బ తిని ఫ్యూరీ ఎలా లేచాడన్నది వాళ్ళ తగువు.

2022 మేలో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు బజార్లో స్వీట్లు పంచారు. పక్క తోట కుర్రాడు, ఇప్పుడు తాతయ్యాడు, మాకూ ఒకటి తెచ్చిపెట్టాడు. "మన అమ్మాయి గెలిచిందిరా!" అన్నాడు. తీసుకుని తిన్నాం. చాలా తియ్యగా ఉంది. 2024 ఆగస్టు 1న పారిస్‌లో ఆమె ఓడిపోయింది. ఆ సాయంత్రం అదే బజార్లోకి నడిచి వెళ్ళి, ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నాం. ఏమంటాడోనని చూశాం.

"మన అమ్మాయి ఓడిపోయింది" అన్నాడు.

టీ చెప్పాం. షేవర్స్ గట్టోడా, ఫోర్‌మన్ గట్టోడా అని ఆయనే మొదలుపెట్టాడు.