విన్న కథకి మార్కులెన్ని?



సినిమా చూశాక బాగుంది, బాగాలేదు అని మనమందరం చెప్తాం. ఎందుకు బాగుంది అని అడిగితే మాత్రం "ఏమో, బాగుంది అంతే" అంటాం. కథ విని, దానికి మార్కులు వేసి, ఎందుకు వేశామో కారణంతో సహా రాసే శ్రోతలు అమెరికాలో ఉన్నారు. వాళ్ళ గురించి, వాళ్ళు వినే నాటకం గురించి ఈ సంచికలో రాస్తున్నాను. ఓపికగా చదవగలరు.

ఆ నాటకం పేరు "అడ్వెంచర్స్ ఇన్ ఒడిస్సీ". ఇంగ్లీషు వినడం అలవాటు కావాలని మన ఇంగ్లీషు మేడం శనివారం రాత్రుళ్ళు స్పీకర్‌లో వినిపిస్తున్నది అదే. ఇందులో బొమ్మ ఉండదు, గొంతులు, చప్పుళ్ళు, సంగీతం మాత్రమే. ఫోకస్ ఆన్ ది ఫ్యామిలీ అనే క్రైస్తవ సంస్థ దీన్ని తయారుచేస్తుంది. స్టీవ్ హారిస్, ఫిల్ లాలర్ అనే ఇద్దరు దీనికి మూలపురుషులు. 1987 మొదట్లో "ఫ్యామిలీ పోర్ట్రెయిట్స్" పేరుతో 13 భాగాలు వచ్చాయి. అదే ఏడాది నవంబరులో అసలు సీరియల్ మొదలైంది. ఒక్కో భాగం సుమారు 25 నిమిషాలు. ఇప్పటికి 900కి పైగా భాగాలు అయ్యాయి. వారానికి ఒకటి చొప్పున వింటే మనకి పదిహేడేళ్ళు పైనే పడుతుంది!

ఒడిస్సీ అనేది కల్పించిన ఊరు. అక్కడ జాన్ ఏవరీ విట్టేకర్ అనే తాతగారు ఉంటారు. అందరూ విట్ అంటారు. ఆయనది ఐస్‌క్రీం దుకాణం. అందులోనే పుస్తకాలు, బొమ్మ రైలు, నాటకాలాడే చిన్న హాలు ఉంటాయి. పాతకాలంలోకి తీసుకుపోయే ఒక యంత్రం కూడా ఉంది. పిల్లలు కష్టమొచ్చినా, తగువొచ్చినా అక్కడికే పోతారు. ఆయన మంచిమాట చెప్తాడు. అయితే ఆయన సుఖంగా కూర్చుని నీతులు చెప్పే మనిషి కాదు. భార్య జెన్నీ చనిపోయింది. ఒక కొడుకు వియత్నాం యుద్ధంలో పోయాడు. అందుకే ఆయన మాట వినాలనిపిస్తుంది.

ఇక అభిమానుల సమీక్షల సంగతి. వాళ్ళ మధ్య ముఖ్యంగా మూడు తగాదాలు కనిపిస్తాయి.

మొదటిది గొంతు గురించి. విట్‌కి మొదట హాల్ స్మిత్ అనే నటుడు గొంతిచ్చారు. ఆయన 1994 జనవరిలో కాలం చేశారు. అప్పుడు రచయితలు విట్‌ని చంపలేదు. మధ్యప్రాచ్య దేశాలకి పని మీద వెళ్ళాడని కథ కట్టారు. జాక్ అలెన్ అనే పాత స్నేహితుడికి దుకాణం అప్పగించారు. 1996లో పాల్ హెర్లింగర్ గొంతుతో విట్ తిరిగి వచ్చాడు. ఆయన 2008 దాకా చేశారు. ఆ తర్వాత ఆంద్రే స్టోయ్కా వచ్చారు. మొదటి గొంతుతో పెరిగినవాళ్ళు అదే అసలంటారు. రెండో గొంతుతో పెరిగినవాళ్ళు వాళ్ళతో ఒప్పుకోరు. నాకనిపించేది, ఎవరి చిన్నతనంలో ఏ గొంతు విన్నారో వాళ్ళకి అదే తాతగారు. మన ఊళ్ళల్లో కథలు చెప్పే ముసలివాళ్ళు పోయాక ఆ కథ ఇంకొకరు చెప్తే "అట్లా కాదు, తాత వేరేగా చెప్పేవాడు" అంటాం కదా. అయినా ఇంకొకరు చెప్పకపోతే కథే పోతుంది.

రెండోది పెద్ద కథలా, చిన్న కథలా అని. 2000 తర్వాత "నోవాకామ్" అనే పొడుగు కథ వచ్చింది. ఒక కంపెనీ సాంకేతిక విద్యతో మనుషుల మనసుల్ని లొంగదీసుకోవాలని చూస్తుంది. ఉత్కంఠ కావాలనేవాళ్ళు అది బ్రహ్మాండం అంటారు. అన్నదమ్ముల తగువు, అబద్ధం, ఓడిపోయిన ఆట, ఇట్లాంటి ఇంటి కథలే ఒడిస్సీకి ప్రాణం అని మిగతావాళ్ళు అంటారు. నా ఓటు ఇంటి కథలకి.

మూడోది నీతి గురించి. ప్రతి భాగం చివర క్రిస్ అనే వ్యాఖ్యాత వచ్చి పాఠం చెప్తుంది. కథలోనే తెలిసిపోయినప్పుడు మళ్ళీ చెప్పడం ఎందుకని కొందరు మార్కులు కోస్తారు. వాళ్ళూ విశ్వాసులే. ఇష్టమైనదాన్ని విమర్శించడం ద్రోహం కాదని నాకు అక్కడే తెలిసింది.

ఇప్పుడు మన హాస్టల్ సంగతి. "కరెన్" అనే భాగం విన్న రోజు మీకు గుర్తుండే ఉంటుంది. డోనా అనే అమ్మాయి స్నేహితురాలు కరెన్ కేన్సర్‌తో చనిపోతుంది. దేవుడు ఎందుకు బతికించలేదని డోనా అడుగుతుంది. సగంలోనే ఆరో తరగతి పిల్లలు ఏడ్చారు. ఒక అక్క లేచి "చిన్నపిల్లలకి చావు కథలు ఎందుకు మేడం, ఆపేయండి" అంది. మనలో చర్చికి పోయేవాళ్ళున్నారు, ఊరి దేవతకి మొక్కేవాళ్ళున్నారు. "మాకు ఆ దేవుడి మాట ఎందుకు" అని ఇంకొకరు అన్నారు. అప్పుడు మా క్లాసులో ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి మాట్లాడింది. దానికి పోయిన వానాకాలం జ్వరంతో చెల్లెలు పోయింది. "ఆపొద్దు మేడం. మా ఇంట్లో చెల్లి పేరే ఎవరూ ఎత్తరు. అమ్మ ఏడుస్తుందని నేనూ ఎత్తను. ఈ కథలో ఆ పిల్ల పేరు అందరూ అంటున్నారు" అని చెప్పింది. ఎవరూ మాట్లాడలేదు. మేడం మిగతా భాగం వినిపించారు. ఆ రాత్రి పడుకునే ముందు అది చెల్లెలి పేరు మాకు చెప్పింది. ఆ పిల్ల అలిగితే చింతచెట్టు ఎక్కి కూర్చునేదంట.

"కరెన్"కి నేను పదికి తొమ్మిది వేస్తాను. విట్ కూడా డోనా ప్రశ్నకి జవాబంతా తెలిసినట్టు మాట్లాడడు, ఆమె పక్కన ఉంటాడు. అందుకని తొమ్మిది. చివర పాఠం అంత త్వరగా చెప్పకుండా కొంచెంసేపు ఊరుకుంటే బాగుండేది. అందుకని ఒకటి తగ్గించాను. ఆపేయమన్న అక్క మాటలో కూడా న్యాయం ఉంది. చిన్నవాళ్ళకి ముందుగా చెప్పి, పక్కన ఒక పెద్దమ్మాయి కూర్చుంటే మంచిది.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. ప్రతి నెలా ఈ గోడపత్రికలో ఒక మూల "విన్న కథ" అని ఖాళీ ఉంచండి. శనివారం విన్నదానికి ఎవరైనా మార్కులు, కారణం రాయొచ్చు. మతం ఏదైనా, తరగతి ఏదైనా రాయొచ్చు. ఇంగ్లీషు కథే కానక్కరలేదు, సెలవులకి ఇంటికి పోయినప్పుడు అవ్వ చెప్పిన కథ అయినా సరే. నాకు ఎక్కువ మార్కులు వేయాలని ఉన్న కథలు అవే.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని