మూడడుగుల గొలుసు

 మా పక్కింటి కుక్క సంగతి చెబుతాను. మీ వీధిలోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది.

మాది హైదరాబాదులో పాత కాలనీ. ఇంటికీ ఇంటికీ మధ్య ప్రహరీగోడ ఒక్కటే అడ్డం. మా పడగ్గది కిటికీ తెరిస్తే పక్కింటివాళ్లు కారు పెట్టుకునే చోటు, అక్కడే బ్రూనో. తెల్లారి అయిదింటికి పాలప్యాకెట్ల అబ్బాయి బండి చప్పుడుతో మొదలుపెడుతుంది. ఆ తర్వాత పేపరబ్బాయి, చెత్త ఆటో, మా కుక్కరు కూత, దేన్నీ వదలదు. పగలు ఎలాగో ఓర్చుకుంటాం. అర్ధరాత్రి వీధికుక్కలు ఏడుపు ఎత్తుకున్నాయంటే ఇది గొలుసు లాగుతూ గంటసేపు మొరిగేది. మావారికి బీపీ. మంచం మీద లేచి కూర్చుని అలాగే తెల్లవార్చిన రాత్రులున్నాయి. కూరలో ఉప్పు తగ్గిందని ఇద్దరం మాటా మాటా అనుకున్న రోజులూ ఉన్నాయి.

పోలీసులకు ఫోన్ చేయమన్నారు ఎదురింటివారు. చట్టం లేకపోలేదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెళ్లు, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 దాటకూడదు. బిస్కట్లో ఏదైనా పెట్టేస్తే పీడా పోతుందన్నవారూ ఉన్నారు. ఆ మాట విని నాకు ఒళ్లు జలదరించింది.

పోయిన మే నెలలో మేడ మీద వడియాలు పెడుతుంటే ఒకటే మొరుగుడు. కిందికి దిగి, గోడ దగ్గర స్టూలు వేసుకుని తొంగిచూశాను. మూడడుగుల గొలుసు. అది తిరిగిన మేరా సిమెంటు నేల నున్నగా అరిగిపోయి ఉంది. మెడపట్టీ కింద బొచ్చు ఊడి చర్మం ఎర్రబడింది. పొద్దుటి పెరుగన్నం ఎండి, చీమలు పట్టాయి. నీళ్లగిన్నె బోర్లాపడి, గొలుసుకు అందనంత దూరం దొర్లిపోయింది. నన్ను చూడగానే మొరగడం ఆపేసింది. తోక ఊపుకుంటూ రాబోయి, గొలుసు పట్టేసేసరికి కూలబడింది.

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. ముఖ్యంగా నాలుక చాచి రొప్పడంతోనే వేడి తగ్గుతుంది, దానికి నీళ్లు కావాలి. పైగా అది లాబ్రడార్. దాని పూర్వీకులు కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరాన చన్నీళ్లలో దూకి, జాలర్లకు వలలూ చేపలూ అందించిన జాతి. అలాంటి ప్రాణిని మూడడుగుల్లో కట్టేస్తే మొరగక ఏం చేస్తుంది చెప్పండి?

బ్రూనోని పక్కింటివాళ్లు 2020 లాక్‌డౌన్‌లో తెచ్చుకున్నారు. అప్పుడందరూ ఇంట్లోనే, ఈ కూన ఆ ఇంటి పిల్లల ఒళ్లోనే పెరిగింది. తర్వాత బడులు తెరిచారు, ఆఫీసులు తెరిచారు. ఎనిమిదింటికి వెళ్లినవాళ్లు మళ్లీ చీకటిపడ్డాకే రావడం.

గోడ మీంచి చూసిన ఆ సాయంత్రమే పక్కింటి అమ్మాయి దగ్గరికి వెళ్లాను. “అమ్మాయ్, మధ్యాహ్నం బ్రూనోకి నీళ్లు లేవమ్మా” అన్నాను. “నిండా పోసే వెళ్లాను ఆంటీ” అంది. చెబుతుండగానే ఆ పిల్ల కళ్లు నిండిపోయాయి. ఇన్నాళ్లూ కూడబెట్టుకున్న కోపం నాకు నోటిదాకా రాలేదు.

జంతుహింస నివారణ చట్టం 1960లోనే వచ్చింది. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం, మరీ పొట్టి గొలుసుతో మితిమీరినంత సేపు కట్టేయడం హింసేనని అందులో పదకొండో సెక్షన్ చెబుతోంది. వాళ్లకు తెలియదు, అప్పటిదాకా నాకూ తెలియదు. కాపలాకే కదా కట్టేశామంటారు చాలామంది. అదేపనిగా మొరిగే కుక్క అరుపు ఇంటివాళ్లూ పట్టించుకోరు. నిజంగా దొంగ వచ్చిన రాత్రి ఎవరు లేస్తారు?

ఆ సాయంత్రం మాట్లాడుకున్నాక, ఇప్పుడు వాళ్లు పొద్దునా సాయంత్రం బ్రూనోని నడిపిస్తున్నారు. దొర్లిపోని మట్టితొట్టి పెట్టారు. వాళ్ల గేటు తాళంచెవి ఒకటి మా దగ్గరుంది. మధ్యాహ్నం మావారే వెళ్లి నీళ్లు పోసి, గొలుసు విప్పి, కాసేపు అక్కడే కూర్చుని వస్తున్నారు. పాలబ్బాయిని చూస్తే ఇప్పటికీ మొరుగుతుంది. రాత్రిళ్లు మాత్రం దాదాపుగా నిద్రపోతోంది, మేమూ పోతున్నాం.

మీ పక్కింట్లోనూ మొరుగుడు ఆగకపోతే, ఎవరికైనా ఫోన్ చేసే ముందు ఒక్కసారి గోడ మీంచి చూడండి. గిన్నెలో నీళ్లున్నాయో లేదో చూడండి.