టైటిల్ ఇన్సూరెన్సూ, పెద్దకడుబూరు మూడెకరాలూ

అమెరికాలో ఇల్లు కొన్న మిత్రులు తరచూ అనే మాట: "మన దగ్గర టైటిల్ ఇన్సూరెన్స్ ఉంటే ఈ భూమి గొడవలే ఉండవు." ఆ పాలసీని వాళ్ళు పూర్తిగా చదివారా అని నా అనుమానం.

ఫిలడెల్ఫియాలో 1876లో పుట్టిన వ్యాపారమిది. రిజిస్ట్రేషన్ రోజున ఒక్కసారి ప్రీమియం కడతాం. బ్యాంకు అడిగే పాలసీ బ్యాంకునే కాపాడుతుంది. మనది విడిగా కొనుక్కోవాలి. మామూలు పాలసీ చూసేది వెనక్కే. పాత దస్తావేజులో దొంగ సంతకం, ఎవరికీ తెలియని వారసుడు, కట్టని పన్ను బకాయి బయటపడితే లాయరు ఖర్చులు భరిస్తుంది, పాలసీ మొత్తం దాకా నష్టం ఇస్తుంది. పోయిన భూమిని తెచ్చివ్వదు. ప్రభుత్వం రోడ్డుకి తీసుకుంటే పలకదు. అన్నిటికంటే ముఖ్యం, కొనేముందే మనకు తెలిసి కంపెనీకి చెప్పని లోపానికి పైసా రాదు.

మన దగ్గర? 2016 రెరా చట్టం సెక్షన్ 16 బిల్డరు టైటిల్ బీమా తీసుకోవాలంటుంది, ప్రభుత్వం నోటిఫై చేస్తేనే అన్న మెలికతో. అదైనా ప్రాజెక్టులకే, పత్తి చేనుకి కాదు. హక్కుని ప్రభుత్వమే ఖాయం చేస్తానన్న ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబర్ 31న అమల్లోకొచ్చి 2024లో రద్దయింది. ఎన్నికల్లో దాని మీద జరిగిన రచ్చ మీకు గుర్తుండే ఉంటుంది.

ఇదంతా ఎందుకంటే, పెద్దకడుబూరులో మూడెకరాల నల్లరేగడి ఉంది, కొనమని మా చిన్నాయన ఒకటే పోరు. "ఈసీలో యాడా అప్పు లేదు. పాసుబుక్కు, వన్ బీ అన్నీ ఆయప్ప పేరు మీదే ఉండాయి. ఇంకేం గావల్లప్పా?"

ఈసీ అంటే మన వర్షన్ కంట్రోల్ లాంటిది. ఎవరు ఏం చెకిన్ చేశారో చెబుతుంది, కోడు కరెక్టో కాదో చెప్పదు. రిజిస్టరు కానిది అందులో కనపడదు. ఆయప్పది తాతల నాటి పొలం, ఇద్దరు చెల్లెళ్ళున్నారు, ఎమ్మిగనూరులో ఒకరు, ఆదోనిలో ఒకరు. ఆడపిల్లలకు సమాన వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, అప్పటికే పెళ్ళైన వాళ్ళను వదిలేసి. 2005 కేంద్ర సవరణతో ఆ తేడా కూడా పోయింది. వాళ్ళ సంగతి నాకు తెలుసు కాబట్టి ఏ పాలసీ ఉన్నా దాచిపెట్టి క్లెయిము చెయ్యలేను.

చెల్లెళ్ళిద్దరూ దస్తావేజులో సంతకం పెడితేనే అడ్వాన్సు అన్నాను. "ఆడబిడ్డల్ని అడిగితే ఊర్లో ఏమనుకుంటారు?" అని చిన్నాయన కోపం. ఆయన వెళ్ళకపోతే ఎమ్మిగనూరుకి నేనే వెళ్తాను. పెద్దామె తన వాటా డబ్బు తన చేతికే కావాలంటే, ధర మళ్ళీ మాట్లాడాల్సిందే.