ముందు నీళ్ల లెక్క

మా తాండాలో ఇండ్ల కంటే ఎండిపోయిన బోర్లే ఎక్కువ. పత్తికొండ వైపు నుంచి ఎర్రనేలల మీదుగా వచ్చేవాళ్లకు ముందు కనిపించేది ఆ పైపులే. పిల్లలు పడతారని కొన్నిటి మీద బండరాయి పెట్టినాము, కొన్నిటికి గోనెసంచి కట్టినాము. ఒక్కో బోరు వెనక ఒక్కో అప్పు ఉంది. ఏ బోరు ఏ ఇంటి ఎద్దులమ్మి వేసిందో మా యాడీలు, అంటే మా అమ్మలు, వరసగా చెప్పగలరు.

అట్లాంటి తాండాకు ఆయిల్‌పామ్ వచ్చింది. చెట్టు ఇంకా రాలేదు, మాట వచ్చింది.

ఉగాది దాటినాక ఒక సారు వచ్చి వేపచెట్టు కింద మమ్మల్ని కూర్చోబెట్టి రంగు కాగితాలు పంచినాడు. నాలుగేండ్లు ఓపిక పడితే పాతికేండ్లకు పైగా కాపు ఉంటుందన్నాడు. మొక్కలకు సర్కారు సాయం చేస్తుంది, డ్రిప్పుకు సబ్సిడీ ఉంది, గెలలు కొనేందుకు ఫ్యాక్టరీ ఉంది అన్నాడు. మా నాయక్ అంతా విని ఒక్కమాట అడిగినాడు.

"సారూ, చెట్టుకు నీళ్లెన్ని కావాల?"

"డ్రిప్పుంటే చాలు పెద్దాయనా."

"డ్రిప్పు నీళ్లు తేదు కదా సారూ. ఉండే నీళ్లను పంచుతుంది, అంతే కదా."

సారు నవ్వినాడు, మేమూ నవ్వినాము. కానీ ఆ ప్రశ్న అక్కడే, వేపచెట్టు కింద ఉండిపోయింది. దానికి జవాబు కోసం మేము తిరిగిందీ, చదివిందీ, లెక్కేసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాము.

ముందే ఒక మాట చెప్పాల. పామాయిల్ మీద మాకు పగ లేదు. రేషన్ అంగట్లో ఇచ్చిన పామాయిల్ ప్యాకెట్లతోనే మా ఇండ్లలో పోపు పెట్టుకున్నాము. హాస్టల్లో చదువుకున్న మాలో చాలామందికి అదే నూనె. అంతకుముందు మా నేలలకు వేరే నూనెలు ఉండేవి. ఎర్రనేలలో శనక్కాయ, ఆముదం, నల్లరేగడిలో కుసుమ, అక్కడక్కడ నువ్వులు. గానుగలు పోయినాయి, కుసుమ చేలు తగ్గినాయి, ప్యాకెట్ వచ్చింది. దేశం తినే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది, అందులో పెద్ద వాటా ఇండోనేషియా, మలేషియాల పామాయిల్‌దే. ఆ ఖర్చు తగ్గించాలనే కేంద్రం 2021 ఆగస్టులో రూ. 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ మొదలుపెట్టింది. మరో ఆరున్నర లక్షల హెక్టార్లలో కొత్తగా తోటలు వేయించాలని అనుకుంది. మొక్కల సాయాన్ని హెక్టారుకు రూ. 12,000 నుంచి రూ. 29,000కు పెంచింది. సారు మా వేపచెట్టు దాకా రావడం వెనక ఉన్న కథ ఇది.

ఈ పంట మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ మన రాష్ట్రంలోనే ఉంది. ఏలూరు దగ్గర పెదవేగిలో 1995లో మొదలైంది. మాలో కొందరము గుంటూరు వైపు మిరపకాయ కోతకు పోయినప్పుడు, పని అయిపోయినాక ఇంకొంచెం ముందుకు పోయి ఆ పక్క తోటలు చూసి వచ్చినాము. తోటలో అడుగు పెడితే ఎండ తెలియదు. మట్టలు ఒకదానికొకటి ఆనుకొని పందిరేసినట్టు ఉంటాయి. గెలలు మనిషి ఎత్తలేనంత బరువు. ఒక రైతు మాతో నిజాయితీగా మాట్లాడినాడు. "నాకు బాగానే ఉంది. కానీ మా నాయన వేసిన బోరు లోతుకు నేను వేసిన బోరు లోతుకు పోలిక లేదు. ఇక్కడే ఇట్లుంటే మీ పక్క ఆలోచించుకోండి" అన్నాడు.

వచ్చినాక లెక్కలో కూర్చున్నాము. డిగ్రీ చదివే మా పిల్లలు పరిశోధకులు రాసినవి వెతికి తెలుగులో చెప్పినారు.

ఆయిల్‌పామ్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. ఏడాది పొడవునా సమంగా పడే 2,000 నుంచి 2,500 మిల్లీమీటర్ల వాన దానికి అలవాటు. కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాదికి పడేది సుమారు 650 నుంచి 700. అదీ నాలుగు నెలల్లో, అదీ పడితే. పగటి ఎండ 29 నుంచి 33 డిగ్రీల మధ్య ఉంటే ఆ చెట్టుకు హాయి. మా దగ్గర మే నెలలో 42 దాటుతుంది. 1980ల చివర్లో కె.ఎల్. చడ్డా కమిటీ మన దేశంలో ఈ పంటకు చోటు చూపినప్పుడు కూడా నీటి పారుదల ఉన్న నేలలనే చూపింది. అంటే వాన చాలని చోట ఆ లోటును కాలువో బోరో తీర్చాల. మా మెట్టకు కాలువ లేదు. మిగిలింది బోరు.

పెరిగిన చెట్టుకు రోజుకు 150 నుంచి 200 లీటర్లు పెట్టాలని, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ కావాలని ఆ పంట తెలిసినవాళ్లే చెప్తారు. ఎకరాకు 57 చెట్లు. 200 లీటర్ల లెక్కన ఎకరాకు రోజుకు 11,400 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు ఖాళీ చేసినా ఇంకా చాలదు. ఇంటింటికీ కుళాయి పథకంలో మనిషికి రోజుకు 55 లీటర్లు లెక్క కట్టినారు. ఆ లెక్కన ఒక ఎకరం తోట రోజుకు రెండు వందల మందికి పైగా మనుషుల నీళ్లు తాగుతుంది. ఈ అంకె విన్నాక తాండాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇంకో సంగతి మమ్మల్ని దీనికంటే ఎక్కువ భయపెట్టింది. ఆయిల్‌పామ్‌లో ఆడ పూగుత్తి, మగ పూగుత్తి ఒకే చెట్టు మీద వేరువేరుగా వస్తాయి. గెల కట్టేది ఆడ పూగుత్తే. చెట్టుకు నీళ్లు కరువైతే మగవి ఎక్కువ వస్తాయి. ఏది ఆడ, ఏది మగ అనేది చెట్టు లోపల చాలా ముందే తేలిపోతుంది కాబట్టి, ఈ ఏడు పడిన కరువు దెబ్బ సుమారు రెండేండ్ల తర్వాత గెలల్లో కనిపిస్తుంది. శనక్కాయ ఎండితే ఆ ఏడే తెలుస్తుంది. ఏడ్చి, మళ్లీ విత్తుకుంటాము, లేదంటే మూట కట్టుకొని వలస పోతాము. ఈ చెట్టుకు ఈ ఏడు కరువొస్తే, వానలు బాగా పడిన ఎల్లుండి ఏడు కూడా మాకు కరువే. అప్పు మాత్రం ఏ ఏడూ ఆగదు.

శనక్కాయను బస్తాల్లో పోసి ఇంట్లో పెట్టుకోవచ్చు. ధర వచ్చినప్పుడు ఆదోని యార్డుకు తోలుకోవచ్చు. ధర రాకపోతే పిల్లలకు వేయించి పెట్టవచ్చు. ఆయిల్‌పామ్ గెల కోసినాక 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాల, లేకపోతే నూనె చెడుతుంది. 1993లో చేసిన ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో ఫ్యాక్టరీకి కేటాయిస్తారు. గెలను సంతలో అమ్మలేము, వండుకొని తినలేము.

కడప జిల్లాలో చక్రాయపేట వైపు తాండాల్లో మాకు వియ్యాలున్నాయి. వాళ్లు ఈ పాఠం చీనీ చెట్ల దగ్గర నేర్చుకున్నారు. కరువు ఏండ్లలో చీనీ తోటలను బతికించేందుకు ట్యాంకర్లతో నీళ్లు తోలినారు. ఒక బోరు ఎండితే ఇంకో బోరు, అది ఎండితే ఇంకా లోతు. చివరకు కాపు కాసే చెట్లనే నరికి కట్టెలకు అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. "చెట్టు పంట పెడితే అది ఇంట్లో ముసలాయన లెక్క. ఈ ఏడు కూడు లేదు, వచ్చే ఏడు తిందువులే అంటే వినడు" అని మా వియ్యపురాలు చెప్పింది.

ఇక పర్యావరణం. సుమత్రా దీవి జంబి అడవుల్లో ఉండే ఒరాంగ్ రింబా ఆదివాసుల్లో చాలామంది ఈ తోటలొచ్చి అడవి పోగొట్టుకున్నారు. మలేషియాలో 1990 నుంచి 2005 వరకు పెరిగిన ఆయిల్‌పామ్‌లో సగానికి పైగా అడవిని తిని పెరిగిందేనని 2008లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చినారు. మన దేశంలోనే మిజోరాంలో, డంపా పులుల అడవి దగ్గర పక్షులను లెక్కబెట్టి 2016లో అచ్చువేసిన పరిశోధన ఉంది. ఆదివాసుల పోడు భూముల్లో ఉన్నన్ని అడవి పక్షులు ఆయిల్‌పామ్ తోటల్లో లేవని అది చూపింది. పోడు అంటే అడవిని పాడుచేయడమే అని తిట్లు తిన్న మనకు ఆ మాట చదివితే కండ్లు తడిసినాయి.

"మీ దగ్గర నరికే అడవేముంది, అంతా బీడే కదా" అని సారు అన్నాడు. ఆ బీడే మాకు మేపు. మేకలు, గొర్రెలు, రేగుపండ్లు, బలుసాకు, తంగేడు, పొయ్యికి పుల్లలు అన్నీ అక్కడివే. బీడు విలువ తెలియాలంటే మా ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఉండిన రోళ్లపాడును చూడాల. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడి గడ్డినేలలను అభయారణ్యం చేసినారు. తర్వాత చుట్టూ నీళ్లు వచ్చినాయి, జలాశయం వచ్చింది, పంటలు మారినాయి, గడ్డి తగ్గింది. బోర్డు మీద బట్టమేక బొమ్మ ఉంది, పిట్ట కనిపించకుండా పోయింది. నీళ్లు రావడం తప్పని మేమనము, నీళ్ల కోసమే మేమూ మొత్తుకుంటున్నాము. ఖాళీగా ఉందని ఎవరో అన్న నేల ఎవరికో ఇల్లు అయి ఉంటుందని మాత్రమే అంటున్నాము.

పరిశోధనలో రెండో పక్క కూడా చదివినాము, దాచము. ఒక హెక్టారు ఆయిల్‌పామ్ బాగా కాస్తే నాలుగైదు టన్నుల నూనె ఇస్తుంది. అంత నూనె వేరే గింజల నుంచి తీయాలంటే ఎన్నో రెట్లు ఎక్కువ నేల కావాల. అడవిని ముట్టకుండా, ఇప్పటికే సాగులో ఉన్న నేలల్లోనే ఈ పంటను పెంచే వీలుందని చెప్పిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. సుంకేసుల నుంచి కడప దాకా పోయే కె.సి. కాలువ కింద ఏటా వరి పెట్టే రైతు, వరి బదులు ఈ తోట పెడతానంటే ఆ లెక్క వేరు. ఆయన నీళ్లు వేరు, మా నీళ్లు వేరు. రాయలసీమ అని ఒకే రంగు పూసిన పటంలో ఆ తేడా కనిపించదు.

పరిశోధన అంటేనే మాకు పడదని ఎవరూ అనుకోవద్దు. కదిరి పరిశోధనా కేంద్రం ఇచ్చిన కదిరి 6 శనక్కాయ మా చేలల్లో ఎన్నేండ్లు కాసిందో మాకు తెలుసు. నంద్యాల కేంద్రం ఇచ్చిన సూర్యనంది కొర్ర రెండున్నర నెలల్లో చేతికొస్తుంది. ఆ శాస్త్రవేత్తలు కరువును ముందు పెట్టుకొని విత్తనం వెతికినారు. మా దగ్గరకొచ్చిన కాగితంలో చెట్టు ముందుంది, కరువు ఊసే లేదు.

సారు రెండోసారి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు తెల్లకాగితం మీద రాసి ఇచ్చినాము. మా తాండా భూగర్భంలో ఎన్ని నీళ్లున్నాయో కొలిచి చెప్తారా? మూడో ఏడో నాలుగో ఏడో బోరు ఎండితే చెట్టు నష్టం, అప్పు ఎవరు మోస్తారు? ఒకరి తోటకు నీళ్లు తోడితే పక్కింటి తాగునీటి బోరు ఎండదని రాసిస్తారా? ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకొని, పైవాళ్లకు పంపిస్తానన్నాడు. జవాబు ఇంకా రాలేదు.

తాండాలో ఇద్దరు ముగ్గురు కుర్రోళ్లకు ఇప్పటికీ ఆశ ఉంది. వలస పోయి అలసిపోయినారు, పాతికేండ్ల కాపు అనే మాట వాళ్లకు తియ్యగా వినిపిస్తుంది. వాళ్లను మేము తప్పు పట్టము. జవాబు వచ్చేదాకా ఆగమని మాత్రం అడిగినాము, వాళ్లు ఆగినారు.

శ్రావణంలో మా తాండాలో తీజ్ జరిగింది. పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచే పండగ అది. ఒకప్పుడు పాటలు పాడుకుంటూ బావికి పోయి బిందెలతో తెచ్చేవాళ్లు. ఈ ఏడు పిల్లలు పాటలు పాడుకుంటూ ట్యాంకర్ దగ్గర వరసలో నిలబడినారు. అరచేతి వెడల్పు బుట్టకు కూడా నీళ్లెన్ని పోయాల, ఎవరు తేవాల అని ముందు రోజే మాట్లాడుకున్నారు. మేము అడిగేదీ అంతే. విత్తే ముందు నీళ్ల మాట మాట్లాడుకుందాము.