చివరి బిట్టు దాకా

ఇంటర్మీడియట్‌లో ‘ఇ పవర్ ఎక్స్’ శ్రేణి నేర్పినప్పుడు, ఎక్స్ ఎంతైనా సరే అది అభిసరిస్తుందని చెప్పారు. నిజమే, కానీ అది కాగితం మీది నిజం. మందు ఒంట్లోంచి ఎంత వేగంగా తగ్గిపోతుందో లెక్కగట్టే ప్రోగ్రాములు రాయడం నా పని. అందులో ఘాతం ఎప్పుడూ రుణాత్మకమే.

ఎక్స్ −20 అనుకోండి. అసలు జవాబు దాదాపు 0.00000000206. శ్రేణిలో పదాలు మాత్రం పెరిగి పెరిగి 4.3 కోట్లకు చేరతాయి. ఆ తర్వాత ప్లస్సులూ మైనస్సులూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి. అంత పెద్ద సంఖ్య దగ్గర 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ పట్టుకోగల అతి చిన్న తేడా 0.00000000745. అంటే జవాబుకి మూడున్నర రెట్లు! లారీని కాటా ఎక్కించి డ్రైవరు జేబులో చిల్లర తూచినట్టు. జవాబైతే వస్తుంది, పదహారంకెలతో, ధీమాగా. అందులో మొదటి అంకెను కూడా నమ్మలేం.

మరి లైబ్రరీలు ఏం చేస్తాయి? 1993లో సన్ మైక్రోసిస్టమ్స్ రాసిన ఎఫ్‌డిలిబ్‌ఎమ్‌ తెరిచి చూశాను. జావాలో స్ట్రిక్ట్‌మ్యాథ్‌కి ఆధారం అదే. −20ని అది నేరుగా ముట్టుకోదు. లాగ్ 2 విలువను −29 సార్లు తీసి పక్కన పెడుతుంది, 0.101 మిగులుతుంది. పక్కన పెట్టింది 2 పవర్ −29 అవుతుంది. దాంతో గుణించడమంటే ఘాతాంకం మార్చడమే, అంకెలేవీ పోవు. ఆ తీసివేతలో చివరి బిట్లు జారిపోకుండా లాగ్ 2ని పెద్ద ముక్క, చిన్న ముక్కగా విడిగా దాచుకుంది. మిగిలిన 0.101కి ఐదు గుణకాల బహుపది సరిపోతుంది. మొదటి గుణకం దాదాపు ఆరో వంతు, కానీ సరిగ్గా ఆరో వంతు కాదు. అది కావాలని చేసిందే: సున్నా దగ్గర ఖచ్చితంగా ఉండి అంచుల్లో తేలిపోయే బదులు, తప్పును వ్యవధి అంతటా సర్దారు.

పైన వ్యాఖ్యలో ఒక మాట ఇచ్చారు: తప్పు ఎప్పుడూ చివరి స్థానంలో ఒక యూనిట్ కన్నా తక్కువ. తప్పే లేదనలేదు, ఎంతవరకో చెప్పారు.

“రక్తపరీక్షే రెండంకెలకు మించి చెప్పదు కదండీ, ఈ చివరి బిట్టు గొడవ మనకెందుకు?” అంది కొత్తగా చేరినమ్మాయి. పరీక్షలో ఉండే తేడా డాక్టరుకి తెలుసమ్మా, అన్నాను. మనిషికీ మనిషికీ ఉండే తేడా కూడా తెలుసు. వాటిని లెక్కలోకి తీసుకునే మోతాదు రాస్తారు. మన ప్రోగ్రాము కలిపే తేడా మాత్రం ఆవిడకి ఎక్కడా కనపడదు.